రెండు కొడవళ్ళ సున్నా

మా పెన్నుల కొట్టు పైనే పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి. ఆయన పైన పన్ను తొలిచే మర తిప్పితే కింద మా గాజు బల్లలో రీఫిళ్ళు వణుకుతాయి. ఆ వణుకుని బట్టి పైన కుర్చీలో ఉన్నవాళ్ళది దవడ పన్నో, ముందు పన్నో చెప్పేస్తుంది మా ఆడపడుచు చిట్టి. సాయంత్రం డాక్టరుగారు దిగి వెళ్ళేటప్పుడు అడిగి సరిచూసుకుంటుంది కూడా. చాలాసార్లు తనే గెలుస్తుంది.

ఆ సోమవారం మర మధ్యలో ఆగిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తెల్లకోటు విప్పకుండానే డాక్టరుగారు మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో దూది చుట్టిన పొట్లం. వెనకే, ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగు చొప్పున, ఆయన అత్తగారు.

"అక్కగారూ, ఒకటి పీకాలి," అన్నారు.

"పీకడం మీ పని కదండీ. మా దగ్గర అతకడమే," అంది చిట్టి.

ఆయన నవ్వి, పొట్లం బల్ల మీద పెట్టి విప్పారు. దూది మధ్యలో నల్లటి పాత కలం. రబ్బరుని గట్టిపరిచి చేసిన రకం. లోపల తిత్తీ గిత్తీ ఏమీ ఉండవు, ఫిల్లరుతో నేరుగా గొట్టంలోనే సిరా పొయ్యాలి.

"మా తాతగారిది. పాత బల్ల సొరుగులో దొరికింది. దీంతో రాయాలని ఎంత సరదాపడ్డానో! రాయదండీ. కాగితాన్ని గీరుతుంది, పైగా ఉమ్ముతుంది. ఈ బంగారు పాళీ పీకేసి గట్టి స్టీలు పాళీ ఏదైనా పెట్టేయండి."

"పీకిన పాళీ?"

"అది నాది!" అన్నారు అత్తగారు, ఆయన్ని పక్కకి నెట్టి. నెట్టి, నోరు తెరిచి, పై వరసలో ఖాళీ చూపించారు. "ఇదిగో, ఇక్కడికి. బంగారపు పన్ను పెట్టిస్తానని అల్లుడు మాటిచ్చాడు. నా విరిగిన చెవిపోగు ఒకటుంది. అదీ ఇదీ కరిగించి కలిపితే సరిపోతుందన్నాడు. శుక్రవారం కంసాలి దగ్గరికి వెళ్తున్నాం."

"పన్ను కోసం పెన్నా!" అంది చిట్టి.

"ఏమ్మా, నమలడానికి పెన్ను పనికొస్తుందా?" అన్నారావిడ. ఆవిడతో మాటల్లో గెలవడం కష్టమని మాకు అప్పుడే అర్థమైంది.

నేను అప్పటికి కంటికి భూతద్దం తగిలించేసుకున్నాను. కలం తిప్పి పాళీ మొహం చూశాను. చూస్తూనే కుర్చీలోంచి సగం లేచాను. మూత మరిచిపోయిన డబ్బాలోంచి పిల్లి దూకితే ఎలా ఉలిక్కిపడతాం, అలాగ.

భుజాలు సన్నగా జారి ఉన్నాయి. మధ్యలో గుండె ఆకారంలో చిల్లు. అక్కడినుంచి కొన దాకా పొడుగాటి చీలిక, చీలికకి రెండు పక్కలా రెండు కాళ్ళు, కొనన చీమ తలకాయంత గింజ. పాత సిరా ఎండి వార్నిషులా పట్టేసింది. కుడికాలు కాస్త పైకి లేచి ఉంది. అయినా ఆ పోలిక దాగుతుందా? వంగే పాళీ! నొక్కితే రెండు కాళ్ళూ విచ్చుకుని లావు గీత గీస్తుంది. వదిలితే దగ్గరికొచ్చి వెంట్రుకంత గీత గీస్తుంది. ఒక్క పాళీలో పది పాళీలు. ఇప్పుడెవరూ చెయ్యరు. చేసినా ఆ బంగారం అలా కొట్టి సాగదీసే చేతులు లేవు.

మావారు బతికున్నంత కాలం వీటి మీద ప్రాణం పెట్టారు. వాడుకునేవాళ్ళు మాత్రం దొరికేవారు కాదు. ఎవరో తెచ్చేవారు, గీరుతోందని తిట్టేవారు, గట్టి పాళీ వేయించుకుని పాతది వదిలేసి వెళ్ళేవారు. "ఇవి ఇంగ్లీషు వాలుగా రాసేవాళ్ళ కోసం పుట్టినవే. పై నుంచి కిందికి లాగితే పాడతాయి, కింది నుంచి పైకి తోస్తే పొడుస్తాయి. మన అక్షరాలు గుండ్రం. ఎంత దిగుతాయో అంత ఎక్కుతాయి. మన రాతకి ఇవి నప్పవు," అనేవారు. అంటూనే ఒక్కటీ కరిగించనిచ్చేవారు కాదు. వాటికి సరిపడే పాత కలాలు వెతికి వెతికి తెచ్చి, పాళీలు బిగించి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టేవారు. ఆ డబ్బా ఇప్పటికీ మా బీరువా మీదే ఉంటుంది. ఆదివారాలు దింపి, ఒక్కోదాన్నీ కడిగి, కాసేపు గీయించి, మళ్ళీ ఎక్కించేస్తాను. పాటొచ్చినా పాడే వీల్లేని పిట్టలు.

ఇప్పుడీ పిట్ట ఏకంగా పన్ను కాబోతోంది.

"డాక్టరుగారూ, శుక్రవారం దాకా దీన్ని నా దగ్గర వదలండి. ఇది మన అక్షరాలు రాస్తే?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"రాస్తే పీకించడం దేనికండీ? నాకు కావాల్సిందే తాతగారి కలంతో రాయడం."

"రాయకపోతే?" అన్నారు అత్తగారు.

"నేనే పీకి మీ చేతిలో పెడతాను పిన్నిగారూ."

"మాట మీద నిలబడు. మెత్తటివి మింగి మింగి నా దవడలకి పని లేకుండా పోయింది."

వాళ్ళు మెట్లెక్కగానే చిట్టి నా వైపు తిరిగి నడుం మీద చేతులు వేసుకుంది. "వదినా, అన్నయ్య ఇన్నేళ్ళు కుదరదన్నది నువ్వు శుక్రవారానికి కుదురుస్తావా?"

"చూడు ముందు, దీన్ని చూడు!" అని భూతద్దం దాని కంటికి అంటించాను. కలాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "అమ్మో, ఎంత బాగుందే," అంది. చిట్టి వదిననన్నది మరిచి 'బాగుందే' అందంటే తనకీ పూనకం వచ్చిందన్నమాటే.

మర్నాడు కొట్టు తెరుస్తూనే పని మొదలుపెట్టాం. పాళీ ఉన్న ముక్క గొట్టానికి బిగుసుకుపోయి ఉంది. సిరా జిగురై పట్టేసింది.

"వేణ్ణీళ్ళలో పడేస్తే వదులుతుంది," అంది చిట్టి, అప్పుడే కెటిల్ అందుకుంటూ.

"పడేస్తే కలం టీ రంగుకి తిరుగుతుంది. ఈ రబ్బరుకి వేడినీళ్ళు పడవు. దించు కెటిల్!"

"మరి టీ అయినా పెట్టుకుందాం."

జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆ ముక్కని చుట్టూ తిప్పుతూ వెచ్చబెట్టాను. బుగ్గకి ఆనిస్తే వెచ్చగా తగలాలి గానీ చుర్రుమనకూడదు. పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, చిట్టి ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని తిప్పాం. రాలేదు. మళ్ళీ వెచ్చబెట్టాం. రాలేదు. చిట్టి పళ్ళు బిగించి, "నీకూ దవడ పన్నుకీ పెద్ద తేడా లేదే!" అని కలాన్ని తిట్టింది. కిర్రుమంది. కదిలింది. ఇద్దరం ఒక్కసారే కేకవేశాం. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తొంగి చూశారు.

తర్వాత చన్నీళ్ళు. గిన్నెలో పెడితే సిరా పొగలా వదలడం మొదలైంది. నీలం అనుకున్నాం, ఊదా వచ్చింది. ఎన్నేళ్ళనాటి సిరానో, గిన్నెంతా ఊదా! నీళ్ళు మార్చడం, చూడడం, మార్చడం, చూడడం. మధ్యలో కొనుక్కోవడానికి ఎవరొచ్చినా చిట్టి గిన్నె చూపించాకే సరుకిచ్చింది.

పాళీ ఊడి చేతికొచ్చాక లేచిన కాలు దించే పని. ఇక్కడ తొందర కూడదు. బంగారానికి జ్ఞాపకం ఉంటుందనేవారు మావారు. ఒక్కసారే వంచితే అలుగుతుంది, కొంచెం కొంచెం చెబితే వింటుంది. ఇత్తడి పుల్లకి ఆనించి, బొటనవేలి గోటితో నొక్కడం, భూతద్దంలో చూడడం. రెండు కాళ్ళూ సమంగా వచ్చాక గోరు మీద పెట్టి నొక్కాను. విచ్చుకుంది. వదిలాను. మూసుకుంది. మళ్ళీ నొక్కాను. నిద్ర లేచి ఆవులించినట్టు ఎంత వెడల్పుకి విచ్చుకుందో! వదలగానే సందు లేకుండా కలిసిపోయింది.

"చిట్టీ! సిరా! సిరా తే!"

ఇక్కడ నా పరీక్ష సంగతి చెప్పాలి. పెళ్ళయి వచ్చినప్పుడు నాకు అక్షరాలు రావు. చేతిపని వచ్చేసింది గానీ రాత రాలేదు. అందుకని మావారు నాకొక పరీక్ష నేర్పారు. పాళీని పై నుంచి కిందికి, ఎడమవైపు పొట్ట వచ్చేలా ఒక కొడవలి లాగాలి. అది ఎడమకాలి పరీక్ష. మళ్ళీ పై నుంచే, కుడివైపు పొట్ట వచ్చేలా ఇంకో కొడవలి. అది కుడికాలి పరీక్ష. ఏ కొడవలి దగ్గర గీరితే ఆ కాలిది తప్పు. కాగితాలకి కాగితాలు కొడవళ్ళు గీశాను. రాసి చూడడం ఆయన వంతు.

ఆయన పోయాక చిట్టి టీచరు ఉద్యోగం ముగించుకుని నా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన వారానికే పలక కొనుక్కొచ్చింది. "పెన్నుల కొట్టు నడుపుతూ అక్షరాలు రావంటే, చెరువులో చేపకి ఈత రాదన్నట్టుంది వదినా," అంది. నేర్పింది. నేర్చుకున్నాను. ఇప్పుడు ఏది పడితే అది చదువుతాను, మందుసీసా మీద చీమ తలకాయంత రాతతో సహా. కానీ రాతలో మాత్రం మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. అలవాటైన చెయ్యి కదా, అక్షరాలన్నీ కొడవళ్ళతోనే కట్టేసుకున్నాను.

"సున్నా అంటే ఒక్క చుట్టులో చుట్టాలి. రెండు కొడవళ్ళు అతికిస్తే అది సున్నా కాదు, పగిలిన గాజు," అంటుంది.

"చదివితే సున్నాలాగే ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేం?"

"తలకట్టు కింది నుంచి పైకి ఎగరాలి. నువ్వు పై నుంచి కిందికి జార్చుకొస్తావు. నా బళ్ళో అయితే గోడ కుర్చీ వేయించేదాన్ని."

"నీ బళ్ళో నేను లేను కదా, బతికిపోయాను."

అదీ మా సంగతి.

పాళీ మళ్ళీ బిగించి, సిరా పోసి మొదటి కొడవలి లాగాను. పైన వెంట్రుక, నడుములో మినపగింజంత లావు, కింద మళ్ళీ వెంట్రుక. తడి మెరుస్తూ, ఊపిరి పీల్చి వదిలినట్టు! రెండోది లాగాను. మూడోది. చిట్టి నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. "ఇంకోటి, ఇంకోటి!" కాగితం నిండిపోయింది. అప్పుడే అత్తగారు తన బంగారం బాగోగులు చూసుకోవడానికి దిగారు. కాగితం చూసి, "ఇదేం కోత కాలమమ్మా, ఇన్ని కొడవళ్ళు!" అన్నారు. అని, ఆవిడే ఇంకో కాగితం అందించారు.

"ఇక అక్షరాలు," అని చిట్టి కలం తీసుకుంది. చిట్టిది నల్లబల్ల మీద పెరిగిన రాత. ముత్యాలు అంటారే, అవి. 'అ' రాసింది. సగం దాకా హాయిగా వచ్చింది. పైకి ఎక్కుతుండగా కొన కాగితంలో గుచ్చుకుంది. టక్కుమని ఎగిరింది. సిరా చిట్టి కళ్ళద్దాల మీద చుక్కలు చుక్కలుగా పడింది.

"ఉమ్మింది!" అన్నారు అత్తగారు ఆనందంగా.

బుధవారమంతా దాని వెనకే. తడిపి అరగదీసే ఉప్పుకాగితాల్లో అన్నిటికంటే సన్నటిదాని మీద కొనని తాకీ తాకనట్టు తిప్పాను. ఎక్కువ తిప్పితే గింజ అరిగిపోతుంది, ఇక ప్రాణమే పోతుంది. పాళీ కింద సిరా అందించే నల్లటి నాలుకని సరిచేసి మళ్ళీ బిగించాను. చిక్కటి సిరా పోశాం, పల్చటి సిరా పోశాం. గరుకు కాగితం, నున్నటి కాగితం, చివరికి క్యాలెండరు వెనక్కాల కూడా. చిట్టి 'త' రాస్తే తలకట్టు దగ్గర గుచ్చుకుంటుంది. 'స' రాస్తే రెండు చోట్ల. సున్నా చుట్టితే కుడివైపు ఎక్కేటప్పుడు ఖాయంగా ఉమ్ముతుంది. నేను సరిచెయ్యడం, తను రాయడం, అది ఉమ్మడం.

నువ్వెందుకు రాసి చూడలేదు అంటారేమో. తోచలేదు, అంతే. మా కొట్లో పంపకం మొదటినుంచీ అదే. కొడవళ్ళు నావి. అక్షరాలు అప్పుడు మావారివి, ఇప్పుడు చిట్టివి. నా రాత కూరల చీటీలకీ, కరెంటు ఆఫీసులో సంతకానికీ సరిపోతుంది గానీ, ఒక కలాన్ని తేల్చే రాత అని నేనూ అనుకోలేదు, చిట్టీ అనుకోలేదు.

గురువారం డాక్టరుగారే వచ్చి రాశారు. ఆయన చెయ్యి మరీ బరువు, పళ్ళతో కుస్తీ పట్టే చెయ్యి కదా. ఒక్క మాట పూర్తి కాకుండానే కాగితం చిరిగింది. ఆయన మొహం చూస్తే జాలేసింది. "తాతగారు దీంతో ఏం రాసేవారో. లెక్కలేమో," అన్నారు. కలాన్ని బల్ల మీద పెట్టి, వెంటనే వదల్లేక కాసేపు దాని మీదే చెయ్యి ఉంచారు.

"మావారన్నదే నిజమేమోనండీ," అన్నాను. ఆ రోజు టీ కూడా సయించలేదు.

శుక్రవారం పొద్దున్నే దిగారు ఇద్దరూ. అత్తగారు మంచి చీర కట్టుకున్నారు. చెవిపోగు ముక్క చేతిరుమాలు కొసకి ముడివేసుకున్నారు. నేను పాళీ పీకే పట్టకారు, మెత్తటి గుడ్డ బల్ల మీద పరిచాను. మా కొట్లో ఒక పద్ధతి ఉంది. పీకిన పాళీని చిన్న కవర్లో వేసి, లోపల అది ఎవరిదో చీటీ రాసి పెట్టాలి. లేకపోతే పాళీలు కలిసిపోతాయి. చిట్టి కవర్ల కట్టలోంచి ఒకటి వెతుకుతోంది. కలం నా చేతిలో ఉంది. అందులో ఇంకా సిరా ఉంది, ఎలాగూ ఒలకబొయ్యాల్సిందే. పోయేముందు చివరిసారి దీంతోనే గీద్దాం అనిపించింది. చీటీ ముక్క లాక్కుని, నా మటుకు నేను రాశాను:

అత్తగారి బంగారం.

రాసి, ఆరబెట్టడానికి ఊదాను. ఊదుతూ ఊదుతూ ఆగిపోయాను. చీటీ మీద ఎక్కడా ఒక్క చుక్క లేదు. గీరిన చప్పుడు లేదు. సున్నా రెండు వైపులా నిండుగా, పైనా కిందా వెంట్రుక కట్టుతో, వెండి మొలతాడులా తళతళలాడుతోంది. తలకట్టు మొదలు సన్నగా వచ్చి, దిగుతూ లావెక్కి, ఆగింది.

"చిట్టీ," అన్నాను. చీటీ తన వైపు తోశాను.

చిట్టి చూసింది. కవర్లు కింద పడిపోయాయి. "ఎవరు రాశారు?"

"నేనే."

"దీంతోనా?"

"దీంతోనే."

"ఇంకోసారి రాయి. మెల్లగా. నేను చూస్తాను." తన ముక్కు కాగితానికి తగిలేలా వంగింది. డాక్టరుగారు జేబులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీసి ఇంకో పక్క నుంచి వంగారు. అత్తగారు ఎవరి తల పక్కకి నెట్టాలో తెలీక ఇద్దరి తలలూ నెట్టారు.

మళ్ళీ రాశాను. పాళీ ఎక్కడా ఆగలేదు. కాగితం మీద నీళ్ళు జారినట్టు వెళ్ళింది.

చిట్టి నిటారుగా నిలబడింది. తరగతిలో జవాబు దొరికిన పిల్లలా మొహం వెలిగిపోయింది. "తొయ్యలేదు! వదినా, నువ్వు ఎక్కడా పైకి తొయ్యలేదు! అన్నీ కిందికే లాగావు. సున్నా ఎడమ సగం పై నుంచి కిందికి, కుడి సగం మళ్ళీ పై నుంచి కిందికి. తలకట్టు కూడా పై కొస నుంచి కిందికే జార్చావు. ఇదంతా పాళీకి ఇష్టమైన దారి! నేను రోజూ నిన్ను తిడుతున్నానే, అదే! సరిగ్గా అదే!"

"పగిలిన గాజు?" అన్నాను.

"పగిలిన గాజే! దేవుడా, ఎంత బాగా పగిలింది!"

డాక్టరుగారు అద్దం ఊపుతూ, "నిజమేనండోయ్. పన్ను దగ్గర కూడా అంతే. తోస్తే విరుగుతుంది, లాగితే వస్తుంది!" అన్నారు. పెన్నుకి పన్ను సామ్యం ఆయనకి తప్ప ఎవరికి తోస్తుంది?

ఇద్దరం చేతులు పట్టుకుని గంతులు వేసే స్థితిలో ఉండగా, అత్తగారు బల్ల మీద ఒక్కటి చరిచారు.

"ఆగండాగండి. రాసింది ఈవిడ చెయ్యి. కలం ఎవరిది? అల్లుడిది. అల్లుడు రాస్తేనే కదా రాసినట్టు. లేకపోతే నా పన్ను నాకిచ్చేయండి."

న్యాయమే. డాక్టరుగారు కలం తీసుకున్నారు. చిట్టి ఆయన ముందుకి కొత్త కాగితం జరిపింది.

"అక్షరాలొద్దు. ఒక్క సున్నా చాలు," అన్నారు అత్తగారు. "అల్లుడు కదా, తేలిక ప్రశ్న ఇస్తున్నాను."

ఆయన కలం పెట్టారు. పెట్టగానే చిన్నప్పటి చెయ్యి గిర్రున తిరిగి చుట్టబోయింది. టక్. ఉమ్మింది, తెల్లకోటు మీద.

"ఒకటి," అన్నారు అత్తగారు.

"చుట్టకండి!" అంది చిట్టి. జీవితమంతా చుట్టండి, చుట్టండి అని పిల్లల్ని వాయించిన చిట్టి. "రెండు కొడవళ్ళు. ముందు ఎడమది. దింపండి. నొక్కుతూ దింపండి. వదలండి. ఎత్తండి! ఎత్తమంటే ఎత్తాలి!"

"ఎత్తానండీ టీచరుగారూ!"

ఎడమ కొడవలి వచ్చింది. కుడిది మొదలుపెట్టారు గానీ మొదటిదానికి అతకలేదు. రెండూ మధ్యలో దారి వదిలి, విడిపోయిన పప్పు బద్దల్లా నిలబడ్డాయి.

"ఇది సున్నా కాదు. నా పళ్ళ వరస. మధ్యలో సందుంది," అన్నారు అత్తగారు. కానీ ఆవిడ కూడా కుర్చీ అంచుకి వచ్చేశారు. చేతిరుమాలు ముడి పిసికేస్తున్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు. పక్కన ఇంకో కాగితం మీద గట్టి పెన్సిలుతో నెమ్మదిగా లాగి చూపించాను. "గట్టిగా పట్టుకోకండి. పన్ను కదులుతోందో లేదో వేలితో చూస్తారు కదా, అంత చాలు. మొదటిది ఎక్కడ మొదలెట్టారో రెండోదీ అక్కడినుంచే. కళ్ళు చేతి మీద కాదు, కింద ఆగాల్సిన చోట పెట్టండి."

ఆయన ఊపిరి బిగపట్టారు. ఎడమ కొడవలి దిగింది. కలం ఎత్తారు. పై కొసకి ఆనించారు. కుడి కొడవలి వెంట్రుకలా మొదలై, పొట్ట దగ్గర రెండు కాళ్ళూ విచ్చుకుని, సన్నబడి, కింద ఎడమదాని కొసని అందుకుంది. తడి రెండూ కలిసి ఒకటైంది.

సున్నా!

చిట్టి చప్పట్లు కొట్టింది. డాక్టరుగారు కలం కిందపెట్టకుండా ఇంకోటి గీశారు, ఇంకోటి. మూడోది కాస్త కోడిగుడ్డులా వచ్చింది. అయినా సున్నాయే! "అత్తగారూ, చూశారా? వచ్చింది! తాతగారి కలం!" ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది.

మేమంతా అత్తగారి వైపు చూశాం. మాటిచ్చినది ఆవిడకి. ఇక చెప్పాల్సింది ఆవిడే.

ఆవిడ నాలుకతో పళ్ళ మధ్య ఖాళీని ఒకసారి తడిమి చూసుకున్నారు. నేను రాసిన చీటీ తీసి దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు.

"బంగారం నోట్లో పెట్టుకుంటే నవ్వినప్పుడే కదా కనిపించేది. అల్లుడింట్లో అత్తగారు నవ్వితే గౌరవం తగ్గుతుంది, అందుకే ఎప్పుడూ నవ్వను," అన్నారు. అని, పడీ పడీ నవ్వారు, ఆ ఖాళీ అంతా కనిపించేలా. "ఉంచుకో అల్లుడూ. నాకు తెల్లపన్నే పెట్టు. కానీ ఇంట్లో నాకొచ్చే మందుల మీద పొద్దునది ఏదో సాయంత్రానిది ఏదో ఇకనుంచి దీంతోనే రాయాలి, ఇలాగే, పొట్టలు పొట్టలుగా. ఈ చీటీ మాత్రం నాది. ఎవరూ అడక్కండి."

చీటీని చెవిపోగు ముక్కతో కలిపి రుమాలులో ముడివేసుకున్నారు. ఆయన కలాన్ని దూదిలో పెట్టబోయి, మనసు మార్చుకుని, కోటు జేబుకి తగిలించుకున్నారు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, "మధ్యాహ్నం రోగులు లేనప్పుడు దిగి వస్తానండీ. 'త' ఎలా కట్టాలో చూపించాలి!" అని అరిచారు.

వాళ్ళటు వెళ్ళారో లేదో, చిట్టి స్టూలు లాక్కొచ్చి బీరువా ముందు వేసింది.

"చిట్టీ, మోకాళ్ళు జాగ్రత్త!"

"మోకాళ్ళు తర్వాత!" డబ్బా దించింది. బల్ల మీద మూత ఊడదీసింది. నల్లవి, ఎర్రటి చారలవి, పాము చర్మంలా ఉన్నవి, మూత మీద బంగారు గాజు తొడుక్కున్నవి. మన రాతకి నప్పవని ఇన్నాళ్ళు పడుకోబెట్టినవన్నీ. ఎర్ర చారలది తీసి నేను సిరా నింపాను. పాము చర్మానిది చిట్టి తీసుకుంది. ఒక కాగితం మీద ఆ చివర తను, ఈ చివర నేను మొదలుపెట్టాం. ఒక్కోటి ఒక్కో గొంతు. ఒకటి మెత్తగా, ఒకటి మారాం చేస్తూ, ఒకటైతే ఇలా ముట్టుకుంటే చాలు అలా విచ్చుకుంటూ!

"వదినా, నాకు తలకట్టు పై నుంచి రావడం లేదు. చూపించు."

"ముందు సున్నా రానీ. ఒక్క చుట్టులో చుట్టావంటే గోడ కుర్చీ వేయిస్తాను."

చిట్టి నాలుక బయటపెట్టి, పలక ముందు కూచున్న పిల్లలా ఎడమ కొడవలి దింపింది. పైన మర మొదలైంది. గాజు బల్లలో రీఫిళ్ళు వణికాయి.

"ముందు పన్ను," అంది చిట్టి, కాగితం మీంచి తలెత్తకుండానే, కుడి కొడవలి కోసం కలం ఎత్తి పట్టుకుని.